తిప్పి చూడని టైర్లు

దుబాయ్‌లో ఏం ఉద్యోగం చేసేవాడివని అడిగితే మా రాయచోటిలో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేకపోతున్నాను. గవర్నమెంటు ఆఫీసులో అంటే నమ్మరు. వినియోగదారుల రక్షణ విభాగం అంటే, "ఓహో, పోలీసా?" అంటారు. పోలీసు కాదు. మోసపోయినవాళ్ళు వచ్చి చెప్పుకుంటే విని, అరబ్బీలోకి మార్చి రాసి, ఇన్‌స్పెక్టర్ల వెంట అంగళ్ళకు వెళ్ళి చూసొచ్చే ఉద్యోగం. డ్రైవరుగా చేరాను. తెలుగు, ఉర్దూ, అరబ్బీ మూడూ వచ్చునని తెలిశాక స్టీరింగ్ దగ్గర్నుంచి లేపి బల్ల దగ్గర కూర్చోబెట్టారు. చివరి ఏళ్ళలో మొదటి చెకింగ్‌కు నన్ను ఒక్కడినే పంపేవారు.

మా అక్క కూతురు ఈమధ్య అక్కడే ఇలాంటి ఆఫీసులో చేరింది. "మామూ, నేనేం నేర్చుకోవాలో చెప్పు" అంది. ప్రమోషన్ల గురించీ ఫైళ్ళ గురించీ చెప్పడానికి వేరేవాళ్ళు ఉన్నారు. నేను నా తప్పు ఒకటి చెప్తాను. దానికి ముందు కొంచెం సోది తప్పదు.

వినడమే సగం పని

ఫిర్యాదు చేసేవాడు మొదట చెప్పేది అసలు సంగతి కాదు. ఒకాయన జుట్టు మొలిపించే నూనె మీద ఫిర్యాదు చేస్తూ గంటసేపు సీసా మూత సరిగా లేదనే చెప్పాడు. టోపీ మాత్రం తీయలేదు. చివరికి నేనే, "పోనీలే భాయ్, నాదీ అదే పరిస్థితి" అని నా బట్టతల చూపిస్తే, అప్పుడు టోపీ తీసి అసలు విషయం చెప్పాడు. నూనె రాసిన చోటల్లా పుండ్లు. మనిషి సిగ్గుపడుతున్నంతసేపు నీకు నిజం దొరకదు. ముందు ఆ సిగ్గు పోగొట్టు.

కరోనా మొదలైన రోజుల్లో నైఫ్ బజారు సందుల్లో నీలం రంగు నీళ్ళను శానిటైజర్ అని అమ్మారు. సెంటు వాసన బ్రహ్మాండంగా ఉండేది. లాబ్ రిపోర్టు వచ్చేలోపు ఊరంతా అమ్ముడైపోతుందని మా ముదీర్, అంటే పై అధికారి, అరచేతిలో పోసుకుని ఊదేవాడు. చల్లగా ఆరిపోతే మందు, తడిగానే ఉంటే నీళ్ళు. అనుమానం ఉన్న సరుకును అప్పటికప్పుడు పక్కన పెట్టించడానికి ఆ అరచేయి చాలు. తర్వాత లాబ్ కూడా దాదాపు ఆయన చేతి మాటే చెప్పింది.

ఇద్దరు ముదీర్లు

ఆ అరచేతి మనిషిని అందరూ అబూ రాషిద్ అనేవాళ్ళం. అంగట్లోకి పోయాక సరుకు వైపు చూసేవాడు కాదు. అంగడివాడు ఎక్కడ నిలబడ్డాడో చూసేవాడు. "దాచినదాని ముందే నిలబడతాడు, గమనించు" అనేవాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అన్ని దేశాల్లోనూ ఉంది. ఆయనలో నాకు నచ్చని గుణం ఒకటుండేది. చెకింగ్‌కు పోయిన చోట మంచినీళ్ళు కూడా ముట్టడు. ఎంత పెద్ద అంగడివాడు బతిమాలినా "తర్వాత, తర్వాత" అంటూ బయటికొచ్చి, ఎదురుగా ఉన్న కెఫెటేరియాలో సొంత డబ్బుతో చాయ్ తాగేవాడు. ఇదేం పొగరు, అతిథి మర్యాద తెలీదా అనుకునేవాడిని.

ఆయన రిటైరయ్యాక మరియం మేడమ్ వచ్చింది. నా కూతురు వయసు. మొదట్లో నాకు ఆమెను చూస్తే చిన్నచూపే, దాచుకోను. చదువుకుని వచ్చిన పిల్ల, సందుల్లో తిరగలేదు, ఏం తెలుసులే అనుకున్నాను. ఆమె మాత్రం నన్ను "అమ్మీ ఖాదర్" అనేది. అంటే బాబాయ్ అన్నట్టు.

గంజి

కరోనా ఆంక్షలు సడలి, జనం మళ్ళీ కలిసి ఇఫ్తార్ చేస్తున్న రంజాన్ అది. దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో, వర్కర్ల క్యాంపుల పక్క వీధిలో ఒక టైర్ల షాపు మీద పేరు చెప్పని ఫోన్ వచ్చింది. పాత టైర్లను కొత్తవని అమ్ముతున్నారట. పోయి ఒకసారి చూసి రమ్మని మరియం మేడమ్ నన్ను పంపింది.

టైరు మీద నాలుగంకెలు ఉంటాయి. మొదటి రెండూ ఏ వారం, తర్వాతి రెండూ ఏ సంవత్సరం తయారైందో చెప్తాయి. ఆ ఎండకు ఏళ్ళ తరబడి గోడౌన్లో పడున్న రబ్బరు పైకి నల్లగా నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల పెళుసెక్కిపోతుంది. పైన పటారం, లోన లొటారం అన్నమాట. ఆ అంకెలు చాలా టైర్లకు ఒక పక్కనే పూర్తిగా ఉంటాయి. అందుకే టైరును తిప్పి చూడాలి. ఈ చెకింగ్‌లో ఉన్నదంతా అంతే.

షాపు నడిపేది సుభానీ. నెల్లూరువాడు. నేను చేరేసరికి ఉపవాసం విడిచే మగ్రిబ్ అజాన్‌కు పది నిమిషాలుంది. టైర్లన్నీ అంకెలున్న పక్క కిందికి వచ్చేలా దొంతర్లు పేర్చి ఉన్నాయి. ఒకటో రెండో అయితే అనుకోకుండా జరిగిందనుకోవచ్చు. అన్నీ అలాగే ఉంటే అనుమానం రావాలి. వచ్చింది కూడా.

"ఇవి దించి తిప్పాల సుభానీ" అన్నాను.

"ఏంది భాయ్ మీరు! పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్ళు తాగని పిలకాయలు. ఇప్పుడు వాళ్ళ చేత మోయిస్తే పాపం గాదా? అజాన్ అయినాక చూసుకుందురు, యాడికి పోతాయి. రండి, నెల్లూరు గంజి చేయించినా."

ఆ గంజి వాసన తగిలేసరికి నా కాళ్ళు కదల్లేదు. మన వైపు మసీదుల్లో రంజాన్ నెలలో కాచే గంజే, వెల్లుల్లి వేసి, కొత్తిమీర చల్లి. ఎన్ని రంజాన్లు అయిందో అది నోట్లో పడి. సుభానీ నాకు తన పక్కనే చాప వేశాడు. ఖర్జూరం తన చేత్తో అందించాడు. రెండు గిన్నెలు తాగాను. తర్వాత లేచి దొంతర్ల దగ్గరికి వెళ్ళాను. చేయి రాలేదు.

తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదని మా అమ్మ చిన్నప్పటి నుంచి చెప్పింది. నా ఉద్యోగమేమో వాసాలు లెక్కపెట్టేదే. లంచం ఇచ్చి ఉంటే వాడి మొహాన కొట్టేవాడిని, ఎన్నోసార్లు కొట్టాను కూడా. గంజి తాగాక, ఆ మనిషి ముందే వాడి సరుకు తిప్పి అంకెలు చూడాలంటే సిగ్గేసింది. పైపైన నాలుగు టైర్లు నిమిరి, "ఉల్లంఘన ఏమీ కనబడలేదు" అని రాసుకుని వచ్చేశాను. అబూ రాషిద్ ఎందుకు నీళ్ళు ముట్టేవాడు కాదో ఆ రోజు కూడా నాకు తెలిసిరాలేదు.

సలోమి తెచ్చిన ముక్క

పండగ అయిపోయిన కొన్నాళ్ళకు ఒక ఉదయం ఆఫీసు తెరవగానే సలోమి అనే ఆమె వచ్చింది. తెనాలి దగ్గర్నుంచి వచ్చి హాస్పిటల్లో నర్సుగా చేస్తోంది. యూనిఫాం మీదే ఉంది, డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది. బల్ల మీద ప్లాస్టిక్ సంచి పెట్టి, అందులోంచి జానెడు రబ్బరు ముక్క తీసింది.

"అన్నయ్యగారూ, మా ఆయన కారు టైరండీ ఇది. కొని నెల కూడా కాలేదు. నిన్న రోడ్డు మీద పోతుంటే తొక్క వలిచినట్టు ఊడొచ్చేసింది. దేవుడి దయ, బండి పక్కకి తీసుకున్నారు కాబట్టి సరిపోయింది. నా డబ్బుల కోసం రాలేదండి. ఇంకెవరు కొన్నారో చూడండి ముందు. నేను పనిచేసేది ఎమర్జెన్సీలో. టైరు పేలిన బండ్లలో వచ్చేవాళ్ళు ఎట్టా వస్తారో నేను చూస్తానండి."

ముక్క తిప్పి చూశాను. అంకెలున్న చోట గరుకు కాగితంతో రుద్ది, వేడి ఇనుముతో కొత్త అంకెలు వేశారు. వేలితో తడిమితే కింది అంకెలు తగిలాయి. బిల్లు మీద సుభానీ షాపు పేరుంది.

అక్కడ నాకు రెండు దారులు కనబడ్డాయి. నేను వెళ్ళినప్పుడు సరుకు బాగుంది, తర్వాత తెచ్చి ఉంటాడు అని చెప్పడం ఒకటి. ఎవరూ కాదనలేరు. ఉన్నది చెప్పేయడం రెండోది. రిటైర్మెంటుకు ఏడాది కూడా లేదు. సలోమి నన్నే చూస్తూ కూర్చుంది. లేచి మరియం మేడమ్ గదిలోకి వెళ్ళి, నిలబడే చెప్పాను: "నేను తిప్పి చూడలేదు. గంజి తాగి వచ్చేశాను."

అరుస్తుందనుకున్నాను. ఆమె కళ్ళజోడు తీసి ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. "మీ సంగతి తర్వాత రాద్దాం. అమ్మిన టైర్లు ఎక్కడున్నాయి? ముందు అది చెప్పండి. యల్లా, పదండి" అని బండి తాళాలు తీసుకుంది.

సుద్దముక్క రాతలు

సుభానీ మొదట బుకాయించాడు. రబ్బరు ముక్క చూపించాక మెత్తబడ్డాడు. దొంతర్లు దింపి తిప్పిస్తే సగం పైగా రుద్దినవే. ఎవరికి అమ్మావంటే, "పేర్లు యాడ గుర్తుంటాయి భాయ్, వస్తారు, వేయించుకుంటారు, పోతారు" అన్నాడు.

అంగడివాడు ఎక్కడ నిలబడ్డాడో చూడమన్న మాట అప్పుడు పనికొచ్చింది. మాట్లాడుతున్నంతసేపూ సుభానీ వెనక తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. పక్కకు జరిపి చూస్తే పెరట్లో విప్పేసిన పాత టైర్ల గుట్ట ఉంది. మన టైర్ల షాపులవాళ్ళకు ఒక అలవాటు. విప్పిన పాత టైర్లు తర్వాత తీసుకుపోతాం అనే బేరగాళ్ళు ఉంటారని, ఏ బండివి ఏవో కలిసిపోకుండా వాటి మీద సుద్దముక్కతో ఫోన్ నంబరు, బండి రకం రాసి పెడతారు. ఏడు బండ్ల రాతలు దొరికాయి. ఆరు కార్లు. ఏడోది వ్యాను, నాలుగు టైర్లూ మార్చిన వ్యాను.

"ఈ వ్యాను ఎవరిది?"

సుభానీ నేల చూపులు చూశాడు. "గంగారాం అని, నిజామాబాదు ఆయన. వర్కర్లను తిప్పుతాడు. వారానికోసారి రువైస్ పోతాడు."

రువైస్ అంటే రిఫైనరీల ఊరు. అక్కడికి గంటల తరబడి ఎండలో, లారీల మధ్య, ఒకే వేగంతో పోయే రోడ్డు. చచ్చిన రబ్బరుకు అంతకన్నా పరీక్ష లేదు.

ఎవరి మాట నమ్ముతాడు

ఫోన్ చేశాను. గంగారాం ఎత్తాడు. వెనక ఇంజన్ చప్పుడు, మాటలు, నవ్వులు.

"నేను ప్రభుత్వ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాను. మీ వ్యాను టైర్లు ప్రమాదం, వెంటనే బండి ఆపండి."

"ఏ ఆఫీసు?"

"వినియోగదారుల రక్షణ విభాగం."

"ఎన్ని జూసినం గిసొంటియి! మొన్న బ్యాంకు నుంచన్నరు, నిన్న పోలీసోళ్ళమన్నరు, ఇయ్యాల టైర్లా? ఇగ ఓటీపీ అడుగుతవు, గంతేనా? నాకు పదకొండు మందిని రువైస్ల దించేది ఉంది. పెట్టు ఫోన్." మళ్ళీ చేస్తే మోగలేదు. నా నంబరు బ్లాక్ చేశాడు.

మరియం మేడమ్ తన ఫోన్ నుంచి హిందీలో ప్రయత్నించింది. "ఓటీపీ నహీ హై మేడమ్, ఖలాస్" అని పెట్టేశాడు.

అతన్ని తప్పు పట్టలేను. ప్రభుత్వం నుంచి మాట్లాడుతున్నామని ఎవరైనా ఫోన్ చేస్తే నమ్మకండి అని క్యాంపుల్లో పంచిన కాగితం మాదే. దాన్ని తెలుగులోకి రాసింది నేనే. బాగా రాశావని అందరూ మెచ్చుకున్నారు కూడా. ఇంత బాగా పనిచేస్తుందని నాకు ఆ రోజే తెలిసింది.

మేడమ్ పోలీసులకు చెప్పింది. కానీ ఆ రోడ్డు మీద తెల్ల వ్యాన్లు కోకొల్లలు, నంబరు ప్లేటు మా దగ్గర లేదు. టైం పదకొండు దాటింది. షాపు బయట ఇనుప షట్టరు ముట్టుకుంటే చేయి కాలుతోంది. నా ప్రాణం నా చేతుల్లో లేదు.

సుభానీ వైపు తిరిగాను. "నువ్వు చెయ్. నీ మాట వింటాడు."

"నేనేమని చెప్పేది? నేను చెబితే నేను ఒప్పుకున్నట్టే గదా భాయ్." మేడమ్ వైపు చూసి ఉర్దూలో అడిగాడు, "చేస్తే కేసు ఉండదు గదా?"

ఆమె అబద్ధం చెప్పలేదు. "ఉంటుంది" అంది. "నేనేమీ మాటివ్వలేను. ఫోన్ చేస్తే పదకొండు మంది బతుకుతారేమో. అది మాత్రమే ఉంది నా దగ్గర."

"గంగారాం కూడా గంజికి వచ్చేవాడా?" అని అడిగాను. ఎందుకడిగానో నాకే తెలీదు.

"రోజూ వచ్చేవాడు" అన్నాడు సుభానీ. "ఉపవాసం లేకపోయినా వచ్చేవాడు. మా వాళ్ళకు గిన్నెలు కడిగి పెట్టేవాడు." ఫోన్ తీశాడు. స్పీకర్ పెట్టాడు.

"గంగారామూ, నేను సుభానీని. బండి పక్కన ఆపు."

"ఏమాయె అన్నా? ఇందాకటి సంది ఎవలెవలో టైర్లు టైర్లని ఫోన్లు జేస్తున్నరు. నీ టైర్లు ఏమైతయి?"

"వాళ్ళు చెప్పింది నిజమే నాయనా. ఆ టైర్లు ముసలివి. అంకెలు రుద్దింది నేనే. నేనే నిన్ను మోసం చేసినా. తిట్టుకుందువు గాని, ముందు బండి ఆపు, మనుషుల్ని దించు. నీ కాళ్ళు పట్టుకుంటా."

అవతల ఇండికేటర్ టిక్కుటిక్కు మంది. తలుపు జరిగిన చప్పుడు. గాలి. ఎవరో "ఎందుకు ఆపినవ్?" అంటున్నారు. గంగారాం గొంతు దూరంగా, "దిగుండ్రి, అందరు దిగుండ్రి, రోడ్డుకు దూరం జరుగుండ్రి." కొంచెంసేపటికి ఫోన్లోకి వచ్చాడు. "ఎనక టైరు లోపలి దిక్కు నిమ్మకాయంత ఉబ్బు ఉందన్నా. నేనే ఏలు వెట్టి జూసిన. ఇంగో పావుగంట పోతే..."

మరియం మేడమ్‌కు తెలుగు రాదు. నా చేయి పట్టుకుని ఊపుతూ, "ఏమంటున్నాడు? ఏమంటున్నాడు?" అంటోంది. "దిగారమ్మా, అందరూ దిగారు" అన్నాను. అరబ్బీలో చెప్పాననుకున్నాను. తెలుగులోనే చెప్పానట. ఆమెకు అర్థమైంది. దుమ్ము పట్టిన టైరు మీద అలాగే కూలబడి, మొహం చేతుల్లో దాచుకుంది. నేను పెరట్లోకి పోయి గోడకు ఆనుకుని గట్టిగా ఏడ్చాను. అంత హాయిగా ఎప్పుడూ ఏడవలేదు.

మిగతా ఆరుగురికీ సుభానీయే ఫోన్ చేశాడు, ఒక్కొక్కరికీ అదే మాట చెప్పి.

పార్కింగ్‌లో

షాపు మూతపడింది. సుభానీ మీద కేసు నడిచింది, జరిమానా పడింది. తనే తప్పు ఒప్పుకుని ఫోన్లు చేసిన సంగతి మేడమ్ రిపోర్టులో వివరంగా రాసింది. నా తప్పు కూడా అంతే వివరంగా రాసింది. నన్ను బయటి చెకింగ్‌ల నుంచి తప్పించి కౌంటర్లో కూర్చోబెట్టారు. న్యాయమే. ఉద్యోగం పోతుందనుకున్న మనిషికి కుర్చీ దొరికితే పండగే గదా.

ఒక మధ్యాహ్నం గంగారాం ఆఫీసుకు వచ్చాడు. ఫిర్యాదు కాగితం మీద సంతకం పెట్టాలి. పొట్టి మనిషి, చెవులదాకా నవ్వు. "ఆ రోజు ఫోన్ల తిట్టింది నిన్నేనా సార్? ఏమనుకోకు" అన్నాడు. నేను కాగితం పక్కన పెట్టాను. ఇతనికి చెప్పకపోతే ఎవరికి చెప్పినా చెప్పినట్టు కాదనిపించింది.

"నువ్వు టైర్లు వేయించకముందే నేనా షాపుకు చెకింగ్‌కు పోయినాను గంగారాం. తిప్పి చూడలేదు. చూసుంటే ఆ టైర్లు నీ బండికి ఎక్కేవి కావు."

నవ్వు ఆగిపోయింది. నన్ను అలాగే చూశాడు. బూతులు తిడితే బాగుండు అనుకున్నాను.

"బండి కిందనే ఉంది, రా" అన్నాడు.

పార్కింగ్‌లో వ్యాను ఎండలో నిలబడి ఉంది. కొత్త టైర్లు. కిటికీల్లోంచి మనుషులు చూస్తున్నారు. "వేరే షాపుల ఏయించిన. వాడు కొత్తయి అన్నడు. నాకు సదువు రాదు. నువ్వే జూసి చెప్పు."

రెండు టైర్లకు అంకెలు బయటే ఉన్నాయి. మిగతా రెండింటికి లోపలి పక్క. ఏసీ గాజు ఆఫీసులోంచి అప్పుడే వచ్చిన ఇస్త్రీ చొక్కాతో, అరవై ఏళ్ళ మనిషిని, కాలుతున్న తారు మీద వెల్లకిలా పడుకుని వ్యాను కిందికి జరిగాను. ఫోన్ లైటు వేసి, వేలితో రుద్ది, తడిమి, మొదటిది చదివాను. దొర్లి అటు పక్కకు పోయి రెండోదీ చదివాను. బిగ్గరగా, పైన కూర్చున్న పదకొండు మందికీ వినబడేలా.

గంగారాం వంగి బండి కిందికి చూశాడు. "కొత్తయేనా?"

"కొత్తవే."

"నిజంగ జూసినవా?"

"చూసినా."

చేయి అందించి నన్ను బయటికి లాగాడు. నా వీపు మీద దుమ్ము దులిపి, డ్రైవర్ సీటులోకి ఎక్కాడు.